డింపుల్, గుంట, బుగ్గ: ఒక ముఖపదం పుట్టుపూర్వోత్తరాలు
(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత వాడుక ఆధారంగా)

వ్యాససంగ్రహం:
నవ్వినప్పుడు చెక్కిలిలో పడే పల్లాన్ని చెప్పే 'డింపుల్' అన్న ఆంగ్లపదం నేడు తెలుగు సంభాషణలో స్థిరపడింది. దానికి సాటిగా తెలుగులో ఉన్న 'సొట్ట', 'గుంట' అన్న మాటలు మోటువన్న భావన వల్ల వెనుకబడ్డాయి. డింపుల్ పదచరిత్రను, దాని పక్కన తెలుగు పదాల చరిత్రను ఉంచి పరిశీలించి, పోలిక ఎక్కడ నిజమో, ఎక్కడ భ్రమో గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: డింపుల్, బుగ్గ, గుంట, సొట్ట, పదవ్యుత్పత్తి, అర్థవిపరిణామం, గ్రామనామాలు, తెలంగాణ వాడుక.

1. ప్రవేశిక

కామారెడ్డి జిల్లా రామారెడ్డి మండలంలో మద్దికుంట అనే గ్రామం ఉంది. అక్కడి దేవుడు బుగ్గ రామలింగేశ్వరుడు. ఊరి పేరులో కుంట, దేవుని పేరులో బుగ్గ. మొదటిది నీరు నిలిచే చోటు, రెండవది నీరు ఉబికే చోటు. ఈ రెండు మాటలనూ నీటి నుంచి తీసి మనిషి ముఖం మీద పెడితే వేరే అర్థం వస్తుంది. బుగ్గ చెక్కిలి అవుతుంది. కుంటకు మరో రూపమైన గుంట, ఆ చెక్కిలి మీద నవ్వినప్పుడు పడే పల్లం అవుతుంది. ఈ పల్లాన్నే ఆంగ్లంలో 'డింపుల్' అంటారు.

డింపుల్‌కు తెలుగు మాట ఏమిటని డిగ్రీ తరగతిలో అడిగితే విద్యార్థులు కాసేపు ఆలోచిస్తారు. 'సొట్ట' అని ఒకరు అనగానే మిగిలినవారు నవ్వుతారు. కిందపడిన గిన్నెకు పడేది సొట్ట, అందమైన ముఖానికి ఆ మాటేమిటన్నది ఆ నవ్వుకు అర్థం. సినిమా పత్రికలు 'సొట్టబుగ్గల సుందరి' అని ఎన్ని సార్లు రాసినా ఆ సందేహం తీరలేదు. తెలుగు మాటకు మోటుదనం, ఆంగ్లపదానికి నాజూకు అంటగట్టే ఈ అలవాటుకు పదాల చరిత్రలో ఆధారం ఉన్నదా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. డింపుల్: మడుగు నుంచి ముఖానికి

ఆంగ్ల లిఖిత సాహిత్యంలో డింపుల్ అన్న మాట ముఖంలోని పల్లం అన్న అర్థంలో క్రీ.శ. 1400 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. దానికి ముందు ప్రాచీన ఆంగ్లంలో 'డింపెల్' వంటి రూపం ఉండి ఉండాలని పండితులు ఊహించారు. ఆ రూపం గ్రంథాలలో దొరకలేదు. అయినా ఊహ నిరాధారం కాదు. ప్రాచీన ఉన్నత జర్మన్ భాషలో 'టుంఫిలో' అన్న పదానికి నీటిసుడి అని అర్థం. నేటి జర్మన్‌లో 'ట్యుంపెల్' అంటే చిన్న మడుగు, నీటి గుంట. డచ్చి భాషలో 'డొంపెలెన్' అంటే నీట ముంచడం.

ఈ పదాలను ఒక్కచోట చేర్చడానికి అర్థసామ్యం మాత్రమే కారణం కాదు. ఆంగ్లంలో డ-కారం ఉన్న చోట జర్మన్‌లో ట-కారం రావడం ఒక క్రమం. ఆంగ్ల 'డే' జర్మన్‌లో 'టాగ్' అవుతుంది, 'డీప్' అన్నది 'టీఫ్' అవుతుంది. అదే విధంగా ఆంగ్ల ప-కారానికి ఉన్నత జర్మన్‌లో ఫ-కారం లేదా ప్ఫ-కారం వస్తుంది. డింపుల్, టుంఫిలో ఈ రెండు సూత్రాలకూ లోబడతాయి. వీటి మూలధాతువును లోతు అని అర్థమిచ్చే 'డీప్', ముంచడమని అర్థమిచ్చే 'డిప్' పదాల ధాతువుతో కలిపి చూసేవారు ఉన్నారు.

ఇంగ్లండులో డింపుల్ అన్నది ఊరి పేరు కూడా. చారిత్రక లాంకషైర్‌లో బోల్టన్ పట్టణానికి దగ్గరగా ఒక డింపుల్ ఉంది. డెర్బీషైర్‌లోని మాట్‌లాక్ వద్ద మరొకటి ఉంది. స్థలనామ పరిశోధకులు ఈ పేర్లకు నేలలోని పల్లం, నీరు నిలిచే లోయ అన్న అర్థాలు చెబుతారు. తెలుగు రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే అది 'కుంట'. మద్దికుంటను ఒక మాట వరసకు లాంకషైర్‌కు తీసుకుపోతే దాని పేరులో సగం డింపుల్ అయ్యేది.

ముఖానికి చేరిన తరువాత కూడా ఈ మాటకు నీటి తడి పూర్తిగా ఆరలేదు. 1634లో ప్రదర్శితమైన 'కోమస్' నాటికలో మిల్టన్ ఒక పిల్లవాగుకు ఈ పదం నుంచి ఏర్పడిన విశేషణాన్నే వాడాడు. గాలికి నీటిమీద చిన్న చిన్న పల్లాలు పడటాన్ని చెప్పడానికి ఆంగ్లకవులకు ఇది ఇష్టమైన మాట. ఏ ఉపరితలం మీదనైనా పడిన చిన్న నొక్కు అన్న అర్థం కూడా ఆ 17వ శతాబ్దిలోనే వచ్చింది. నేడు గోల్ఫ్ బంతి మీది పల్లాలూ డింపుల్సే.

షేక్స్‌పియర్‌లో ఈ పల్లానికి రెండు విభిన్నమైన పనులు పడ్డాయి. 1593లో వెలువడిన 'వీనస్ అండ్ అడోనిస్' కావ్యంలో అడోనిస్ నవ్వగా పడిన చెక్కిలి గుంటలను మన్మథుడు తన సమాధికోసం తవ్వుకున్న గోతులుగా కవి ఉత్ప్రేక్షించాడు. ఇక్కడ గుంటలు పడినది పురుషుని చెక్కిళ్ళలో అన్నది గమనార్హం. 1611 ప్రాంతపు 'ది వింటర్స్ టేల్' నాటకంలో ఒక పసిపాప తన బిడ్డ కాదని తండ్రి నిరాకరిస్తాడు. అప్పుడు పౌలీనా అనే పాత్ర పాప గడ్డంలోని, చెక్కిలిలోని గుంటలను చూపి పోలికను రుజువు చేయబూనుతుంది. చెక్కిలి గుంట వంశపారంపర్యమన్న నమ్మకం అప్పటికే ఉన్నదనడానికి ఇది సాక్ష్యం. చెక్కిలి కండరాలలో ఒకటైన జైగోమాటికస్ మేజర్ రెండు పాయలుగా చీలి ఉండటం దీనికి ఒక కారణమని శరీర శాస్త్రం చెబుతున్నది. పాఠ్యపుస్తకాలు దీనిని ఒకే జన్యువు తెచ్చే లక్షణంగా చూపిస్తాయి గాని, వాస్తవం అంత సరళం కాదు.

3. ఇతర భాషల కన్ను

ఒకే పల్లాన్ని వేర్వేరు భాషలు ఎలా చూశాయో గమనిస్తే ఆంగ్లపదం ప్రత్యేకత తెలుస్తుంది. ప్రాచీన గ్రీకులో దీనిని 'గెలాసినోస్' అన్నారు. నవ్వు అన్న ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. గ్రీకువారు పల్లాన్ని కాక, పల్లానికి కారణాన్ని చూశారు. ఫ్రెంచి 'ఫొసెట్' అంటే చిన్న గొయ్యి. అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది జర్మన్. డింపుల్‌కు తోబుట్టువైన ట్యుంపెల్ అక్కడ మడుగుగానే మిగిలిపోయింది. చెక్కిలి పల్లానికి వారు 'చిన్న గుంట' అన్న అర్థంలో వేరే మాటను చేసుకున్నారు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు అందానికి, ఒకరు బురదకు పోయారన్నమాట.

మన పొరుగు భాషలలో గుంట భావమే ప్రధానం. తమిళంలో 'కన్నక్కుళి', కన్నడంలో 'గుళికెన్నె', మలయాళంలో 'నుణక్కుళి'. మూడింటిలోనూ ఉన్న కుళి, గుళి పదాలకు గొయ్యి అని అర్థం. మలయాళ పదంలోని మొదటి భాగాన్ని అబద్ధం అన్న అర్థంలో తీసుకొని, అబద్ధమాడేవారికే అక్కడ గుంట పడుతుందని చమత్కరించడం లోకంలో ఉంది. మరాఠీలో దీనిని 'ఖళీ' అంటారు, దానికీ పల్లమనే అర్థం. మద్నూర్, జుక్కల్ వంటి మండలాలు అటు మహారాష్ట్రకు, ఇటు కర్ణాటకకు సరిహద్దు. కాబట్టి కామారెడ్డి జిల్లాలో ఈ మూడు భాషల గుంటలూ ఒకే సంతలో వినబడే అవకాశం ఉంది.

సంస్కృతం 'కూపం' అన్నది. మనం రోమకూపం అన్న మాటను నిత్యం వాడుతూనే, కూపమంటే బావి అని మరిచిపోతాం. నవ్వినప్పుడు స్త్రీ చెక్కిళ్ళలో పడే పల్లానికి గరుడపురాణంలోని సాముద్రిక భాగం ఈ కూపశబ్దాన్నే వాడింది. అయితే ప్రశంసగా కాదు. అటువంటి స్త్రీ శీలాన్ని శంకిస్తూ వాడింది. శరీరంలోని చిన్న గుర్తును పట్టుకొని స్త్రీ నడవడిపై తీర్పు చెప్పే సాముద్రిక ధోరణికి ఇది ఒక నమూనా. నేడు వరమనుకుంటున్న లక్షణం ఒకనాడు ఒక పిల్ల పెళ్ళికి అడ్డంకి కాగలిగినదన్న సంగతి ఈ చర్చలో మరువరానిది.

తెలుగు ప్రబంధాలలో చెక్కిలికి ప్రధానోపమానం అద్దం. 'చెక్కుటద్దాలు' అన్న సమాసం అంతగా స్థిరపడటానికి కారణం నునుపు, మెరుపు. అద్దానికి సొట్ట దోషమే అవుతుంది. చెక్కిలిని అద్దంగా చూసిన కవిసమయంలో గుంటకు గౌరవస్థానం దొరకకపోవడం సహజమని నా అభిప్రాయం. చెక్కిలి గుంటకు మన దేశంలో నేటి ప్రతిష్ఠ ప్రధానంగా సినిమా కెమెరా సమీపదృశ్యం తెచ్చినది. 1973లో 'బాబీ' చిత్రంతో డింపుల్ కపాడియా పేరు దేశమంతటా తెలిసింది. ఆడపిల్లకు డింపుల్ అని పేరు పెట్టుకునే వాతావరణంలో సొట్ట, గుంట అన్న మాటలు పోటీకి నిలవలేకపోయాయి.

4. గుంట, కుంట

గుంట, కుంట తెలుగులో ఒకే మాటకు రెండు రూపాలు. పదాది క-కారం గ-కారంగా మారడం తెలుగులో విరివిగా కనిపించే మార్పు. తమిళంలో 'కుణ్టు' అన్న రూపానికి లోతు, పల్లం, మడుగు అన్న అర్థాలున్నాయి. కన్నడంలో 'గుండి' అంటే గొయ్యి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, ద్వితీయ ముద్రణ 1984) ఇటువంటి రూపాలను ఒకచోట చేర్చి చూపింది.

తెలంగాణలో ఈ రెండు రూపాలకు పనుల పంపకం జరిగింది. కుంట అంటే చెరువు కన్నా చిన్నదైన నీటివనరు. గుంట అంటే ఏదైనా పల్లం. అటు మంజీరపై 1923 నుంచి 1931 వరకు నిర్మించిన నిజాంసాగర్, ఇటు పోచారం జలాశయం ఉన్న ఎల్లారెడ్డి ప్రాంతంలో సైతం పెద్ద నీటికి దూరమైన ఊళ్ళ సేద్యం కుంటల మీదనే నడిచింది. వాగు ఇసుకలో తవ్వుకునే చెలిమె, పొలంలోని ఊట, ఊరి కుంట అన్నవి అక్కడి రైతు దృష్టిలో మూడు వేర్వేరు వస్తువులు. నీటి విషయంలో ఇంత సూక్ష్మంగా పేర్లు పెట్టుకున్న భాష, చెక్కిలి పల్లానికి 'బుగ్గ గుంట' అని అనడంలో మోటుదనం లేదు. పిల్లల ముఖంలో ఒక చిన్న కుంట కనిపించిందని చెప్పడం అది. డింపుల్ అన్న మాట చేసిన ప్రయాణమూ సరిగ్గా ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలంగాణలో గుంట భూమి కొలత కూడా, ఎకరానికి 40 గుంటలు. ఈ మాటను మరాఠీ 'గుంఠా'తో కలిపి చూడాలి గాని పల్లంతో కాదు. ఉత్తరాంధ్రలో గుంట అంటే చిన్నపిల్ల. రూపం ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కాదు. బిచ్కుంద పేరులోని చివరి భాగాన్ని కూడా కుంటతో ముడిపెట్టాలన్న ఆశ కలుగుతుంది. పాత రూపాలు చూపకుండా ఆ పని చేయరాదు.

సొట్ట విషయం చాలా చిన్నది. చెంబు సొట్ట, సొట్టకాలు అన్న వాడుకలలో దానికి లోపం అన్న భావం బలంగా ఉంది. చెక్కిలి మీద మాత్రమే అది గుణంగా మారింది. ఒక పదం తన సహజార్థానికి వ్యతిరేకమైన విలువను పొందిన ఈ ఉదాహరణ అర్థవిపరిణామ పాఠానికి బాగా పనికివస్తుంది.

5. బుగ్గ: పోలికలోని ఉచ్చు

బుగ్గ అసలు చిక్కుముడి. చెక్కిలి, నీటిబుడగ, ఊట అన్నవి నిఘంటువులు ఎరిగిన అర్థాలే. తెలంగాణ వాడుక వీటికి మరి రెండు చేర్చింది. జాతరలో పిల్లలు కొనుక్కునే గాలి బూర బుగ్గ. ఇంట్లో వెలిగే విద్యుద్దీపం కరెంటు బుగ్గ. అధికారుల వాహనాలపై ఎర్రదీపాన్ని 2017 మే 1 నుంచి తొలగించినప్పుడు మన పత్రికలు 'ఎర్రబుగ్గ' పోయిందని రాశాయి. ఉబ్బి గుండ్రంగా, లోపల గాలితోనో నీటితోనో నిండి ఉండే వస్తువు అన్న భావం వీటన్నిటికీ సమానం.

ఊట అన్న అర్థంలో బుగ్గ స్థలనామాలలో చాలా దూరం వ్యాపించింది. మద్దికుంట ఒక్కటే కాదు, వికారాబాద్ దగ్గర అనంతగిరి ప్రాంతంలోనూ, తాడిపత్రిలో పెన్న ఒడ్డునా బుగ్గ రామలింగేశ్వరులు ఉన్నారు. కడప పట్టణం గుండా బుగ్గవంక పారుతుంది. పల్నాడులో బుగ్గవాగు ఉంది. కన్నడంలో 'బుగ్గె' అంటే ఊట, గాలి బూర అని అర్థాలు. కాని కన్నడంలో చెక్కిలి 'కెన్నె', 'గల్ల'. బుగ్గె కాదు.

లాటిన్‌లో చెక్కిలిని, అందులోనూ ఉబ్బించిన చెక్కిలిని 'బుక్కా' అంటారు. ఫ్రెంచిలో నోటికి వాడే 'బూష్' దాని నుంచి వచ్చింది. బెల్టుకు ఉండే 'బకిల్' కూడా, శిరస్త్రాణపు చెక్కిలి పట్టీకి వాడిన లాటిన్ 'చిన్న చెక్కిలి' పదం నుంచే. చెక్కిలి గోడగా ఉన్న కండరాన్ని వైద్యులు బక్సినేటర్ అంటారు, బూర ఊదేవాడని దాని అర్థం. బుక్కా, బుగ్గ: ధ్వని ఒకటి, అర్థం ఒకటి. తెలుగు నుంచే లాటిన్‌కు పోయిందనో, అక్కడి నుంచే ఇక్కడికి వచ్చిందనో రాసేయడానికి ఇంతకన్నా అనువైన జంట దొరకదు. ఇటువంటి జంటలను పోగుచేసి భాషా సంబంధాలను స్థాపించే రచనలు మనకు కొత్త కాదు.

అయితే ఒక్క జంట ఏమీ రుజువు చేయదు. డింపుల్, టుంఫిలోల మధ్య డ-ట, ప-ఫ మార్పులు వందలాది ఇతర పదాలలోనూ జరిగాయి. బుక్కా, బుగ్గల మధ్య అటువంటి క్రమం ఏదీ చూపలేము. పెదవులను మూసి, బుగ్గలను ఉబ్బించి, గాలిని వదిలితే వచ్చే ధ్వనే బు-కారం. బుడగ, బుంగ, బొబ్బ, ఆంగ్లంలోని బబుల్, ఇవన్నీ ఉబ్బడాన్ని నోటితో అభినయించే మాటలు. వేర్వేరు జాతులవారు ఒకే నోటితో ఒకే అభినయం చేస్తే మాటలు కలుస్తాయి. 1816లో ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించినప్పుడు విడి మాటల పోలికపై ఆధారపడలేదు, ధాతువుల వరుసలను పక్కపక్కన పెట్టి చూపాడు. ఆ పద్ధతికి రెండు శతాబ్దాలు నిండిన తరువాత కూడా మనం జంటపదాల మోజులో పడటం విచారకరం.

ముఖాన్నీ నీటినీ ఒకే మాటతో చెప్పడం కూడా ఒక్క కుటుంబపు సొత్తు కాదు. పారసీకంలో 'చష్మ్' అంటే కన్ను, దాని నుంచి ఏర్పడిన 'చష్మా' అంటే ఊట. ఉర్దూ ద్వారా అదే చష్మా కంటి అద్దాలకు పేరై నిజాం రాజ్యంలోని పల్లెలకు చేరింది. ఎల్లారెడ్డిలో ఒక ముసలాయన 'నా చష్మాలేవి' అని వెతుక్కునేటప్పుడు, తనకు తెలియకుండానే, పారసీకంలో ఊటకు పేరైన మాటను పలుకుతున్నాడు.

6. ఆరోప సమస్య

చెక్కిలి అన్న అర్థంలోని బుగ్గ, ఊట అన్న అర్థంలోని బుగ్గ ఒకే మాటా, రెండు మాటలా? నిఘంటుకర్తకు ఇది ఆచరణ సమస్య. ఒకటైతే ఒకే ఆరోపం కింద అర్థాలను వరుసగా ఇవ్వాలి. రెండైతే విడదీయాలి. కన్నడ బుగ్గెకు చెక్కిలి అన్న అర్థం లేకపోవడం నుంచి రెండు దారులు ఉన్నాయి. తెలుగు ఒక్కటే బుడగ అర్థాన్ని చెక్కిలికి పొడిగించి ఉండవచ్చు. లేదా చెక్కిలి బుగ్గకు వేరే మూలం ఉండవచ్చు.

రెండవ దానికి ఒక ఆధారం మన నోట్లోనే ఉంది. పుక్కిలి అంటే చెక్కిలి లోపలి భాగం, పుక్కిలించడం అంటే అక్కడ నీరు నింపి తిప్పడం. పదాది ప-కారం బ-కారం కావడం, ద్విత్వ క-కారం గ-కారంగా సరళం కావడం తెలుగుకు అసాధారణం కాదు. చెక్కిలి బుగ్గ పుక్కిలికి దగ్గరిదనీ, బుడగ, ఊట, గాలి బూర, దీపం అన్న అర్థాలు మరొక మాటవనీ, రూపం కలిసినందువల్ల జనవాడుక రెండింటినీ ఒకటిగా భావించిందనీ నా మొగ్గు. దీని ప్రకారం డింపుల్‌కు నిజమైన సాటి గుంట మాత్రమే. మద్దికుంట పేరులోని కుంట ఈ చర్చలో నిలుస్తుంది, దేవుని పేరులోని బుగ్గ పక్కకు తప్పుకుంటుంది.

ఇది తేలాలంటే జనం వాడుకను ఊరూరా నమోదు చేయాలి. చెంప, చెక్కిలి, బుగ్గ, దౌడ, గదువ అన్న మాటల మధ్య ముఖాన్ని ఎక్కడ ఎలా పంచుకుంటారో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వృద్ధులను అడిగి రాసుకోవలసి ఉంది. కొట్టేది చెంప మీద, గిల్లేది బుగ్గ మీద. కోస్తాలో గడ్డం అన్న చోట ఇక్కడి వారు గదువ అంటారు. గదువలో పడే గుంటకు, బుగ్గలో పడే గుంటకు ఒకే మాట వాడతారా, సొట్ట అన్న మాటను పసిపిల్లల విషయంలో ముద్దుగా అంటారా, పెళ్ళికెదిగిన పిల్ల విషయంలో అనరా అన్నవి ఆ ప్రశ్నావళిలో మొదట ఉండవలసినవి.